చీమల ఆపరేషన్, పెంగ్విన్ల కునుకు, తొమ్మిది రోజులు ఊగిన భూమి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే మాటతో మొదలయ్యాయి: "ఇలా ఒక ఫార్వర్డ్ వచ్చింది, నిజమేనా?" కొన్ని నిజమే, కొన్ని సగం నిజం, ఒకటి మాత్రం పూర్తిగా గాలికబురు. ఔనో కాదో ఒక్క ముక్కలో చెప్పి వదిలేయొచ్చు గానీ, ఆ సంగతి ఎలా బయటపడిందో చెప్పకపోతే నాకు తోచదు. అందుకే కొన్ని జవాబులు పొడుగైపోయాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: చీమలు తోటి చీమలకు ఆపరేషన్ చేసి కాలు తీసేస్తాయని మా అబ్బాయి స్కూల్ నుంచి వచ్చి చెప్పాడు. నేను నవ్వాను, వాడు అలిగాడు. ఎవరిది రైటు?

జవాబు: మీ అబ్బాయిదే రైటండీ. అలక తీర్చే పని మీదే.

అమెరికా ఆగ్నేయ భాగంలో ఉండే ఒక రకం వడ్రంగి చీమల సంగతి ఇది. పక్క పుట్టల చీమలతో వీటికి తరచూ యుద్ధాలు, యుద్ధమన్నాక కాళ్లకు దెబ్బలు. ఎరిక్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త బృందం వీటిని దగ్గరగా గమనించి 2024లో ఫలితాలు ప్రచురించింది. చీమ కాలిని మూడు ముక్కలుగా ఊహించుకోండి: ఒంటికి అతుక్కునే చోట భుజం లాంటి కీలు, దాని కింద తొడ, ఆ కింద పిక్క. దెబ్బ తొడకు తగిలితే పుట్టలోని చీమ ఒకటి ముందు గాయాన్ని నాకి శుభ్రం చేస్తుంది, తర్వాత నోటితో పైపైకి జరుగుతూ భుజం కీలు దాకా వెళ్లి అక్కడ కొరకడం మొదలుపెడుతుంది. కాలు పూర్తిగా తెగడానికి కనీసం నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ దెబ్బ తగిలిన చీమ పారిపోదు, పెనుగులాడదు, కాలు చాపి అలా కూర్చుంటుంది. మత్తుమందు లేదు మరి! కాలు ఊడిపోయాక ఆ మొండిని కూడా శుభ్రం చేయించుకోవడానికి ముందుకు చాపుతుంది.

ఇంతవరకే అయితే వింత అనుకుని ఊరుకోవచ్చు. నన్ను కూర్చోబెట్టింది దీని తర్వాతి సంగతి. దెబ్బ పిక్కకు తగిలితే ఇవే చీమలు కాలు తీయవు! నాకి నాకి శుభ్రం చేస్తాయి, అంతే. ఎందుకలాగ? మనకు తోచే లెక్క ప్రకారం ఒంటికి దూరంగా తగిలిన దెబ్బకు కాలు తీయడమే తేలిక కదా. స్కానింగ్ చేసి చూస్తే కారణం కండల్లో దొరికింది. చీమ ఒంట్లో మన రక్తానికి బదులు ఉండే ద్రవాన్ని కాళ్లలో తిప్పే పనికి తొడ కండలు సాయపడతాయి. తొడకే దెబ్బ తగిలితే ఆ పంపు మందగిస్తుంది కాబట్టి, గాయంలో చేరిన బ్యాక్టీరియా ఒంట్లోకి పాకడానికి టైం పడుతుంది, ఈలోపు నలభై నిమిషాల ఆపరేషన్ అయిపోతుంది. పిక్కలో అలాంటి కండలు పెద్దగా లేవు. అక్కడ దెబ్బ తగిలితే పంపు చెక్కుచెదరదు, విషం సరాసరి లోపలికి పోతుంది, ఎంత తొందరగా కోసినా ఆలస్యమే.

అంకెలు చూడండి. తొడకు దెబ్బ తగిలి వైద్యం అందని చీమల్లో బతికేవి 40 శాతం లోపే, కాలు తీసేస్తే 90 శాతానికి పైగా బతుకుతాయి. పిక్క గాయాల్లో వైద్యం లేకుండా బతికేవి 15 శాతం, నాకి శుభ్రం చేస్తే 75 శాతం దాకా. అనుమానం తీర్చుకోవడానికి శాస్త్రవేత్తలు పిక్కకు దెబ్బ తగిలిన చీమల కాళ్లు తామే తీసి చూశారు, లాభం లేకపోయింది. అంటే ఏ గాయానికి ఏ వైద్యమో చీమలకు "తెలుసు". ఆ మాటకు కొటేషన్ గుర్తులు కావాలనే పెట్టాను, ఇది ఆలోచించి తీసుకునే నిర్ణయం కాదు, పుట్టుకతో వచ్చిన తీరు అంటున్నారు పరిశోధకులు. మీ అబ్బాయికి ఈ తొడ, పిక్క తేడా కూడా చెప్పండి, స్కూల్లో వాడి పరపతి ఇంకాస్త పెరుగుతుంది.

ప్రశ్న: 2023లో భూమి తొమ్మిది రోజులు ఆగకుండా కంపించిందట. అలాగైతే మనలో ఒక్కరికీ తెలియలేదేం? ఇది కట్టుకథ కదూ?

జవాబు: కట్టుకథ కాదు. కాళ్లకు తెలిసేంత పెద్ద కదలిక కాదు కాబట్టి మనకు తెలియలేదు, భూకంపాలు కొలిచే పరికరాలకు మాత్రం ఆర్కిటిక్ నుంచి అంటార్కిటికా దాకా తెలిసింది.

2023 సెప్టెంబర్ 16న ఆ పరికరాల మీద ఒక విచిత్రమైన గీత మొదలైంది. మామూలు భూకంపం గీత ఎలా ఉంటుందంటే, చిన్న పిల్లాడి చేతికి పెన్సిల్ ఇచ్చినట్టు గజిబిజిగా, పెద్దవీ చిన్నవీ కలగాపులగంగా, కాసేపటికి సద్దుమణిగిపోయేట్టు ఉంటుంది. ఇదేమో నున్నగా, ఒకే తీరుగా, 92 సెకన్లకోసారి లేచి పడే అల. గంట గడిచినా అదే, రోజు గడిచినా అదే, మెల్లగా సన్నబడుతూ తొమ్మిది రోజులు సాగింది. ఏమిటో తేల్చుకోలేక శాస్త్రవేత్తలు దానికి సరదాగా "గుర్తు తెలియని భూకంప వస్తువు" అని పేరు పెట్టుకున్నారు.

అదే సమయంలో తూర్పు గ్రీన్‌లాండ్‌లో, మనుషులు ఉండని ఒక సన్నటి సముద్రపు పాయలో భారీ సునామీ వచ్చిందని ఇంకో కబురు. రెండు కబుర్లూ ఒకచోట చేరాక చిక్కు విడింది, అయినా పూర్తిగా లెక్క తేలడానికి 15 దేశాలకు చెందిన 68 మంది శాస్త్రవేత్తలకు దాదాపు ఏడాది పట్టింది. జరిగింది ఇదీ. డిక్సన్ ఫ్యోర్డ్ అనే ఆ పాయ పక్కన కిలోమీటరుకు పైగా ఎత్తున్న కొండ కొన ఒకటి ఉండేది. కింద హిమానీనదం దానికి ఊతకర్రలా ఆనుకుని ఉండేది. వాతావరణం వేడెక్కి ఆ మంచు పలచబడిపోయింది, ఆసరా పోయిన కొండ ఒక్కసారిగా కూలింది. రెండున్నర కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు నీళ్లలో పడితే లేచిన అల ఎత్తు 200 మీటర్లు.

సునామీ అయితే వచ్చి పోవాలి గానీ తొమ్మిది రోజులు ఎందుకుంటుంది? నీళ్లు నింపిన వెడల్పాటి తొట్టిని ఒక పక్కకు నెట్టి వదిలేయండి. నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి కదా, ఆ ఊపుకు ఒక లయ ఉంటుంది, అది తొట్టి వెడల్పు మీద, నీటి లోతు మీద ఆధారపడుతుంది. ఆ పాయ కూడా అలాంటి తొట్టే. ఒక చివర హిమానీనదం, రెండో వైపు గట్టి మలుపు, ఊపు బయటికి జారిపోవడానికి దారి దొరకలేదు. అలా పాయ నీళ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు 92 సెకన్లకోసారి ఊగుతూ, ఊగినప్పుడల్లా ఆ బరువుతో నేలను నొక్కుతూ పోయాయి. ఆ నొక్కుడే ప్రపంచమంతా వినిపించింది.

మీ అనుమానానికి ఇంకో జవాబు కూడా ఉంది. 2024లో ఇదంతా లెక్కల మీద చెప్పిన మాట, ఊగే నీళ్లను కళ్లారా చూసినవాళ్లు లేరు. 2025లో ఇంకో బృందం స్వాట్ అనే ఉపగ్రహం పాత కొలతలు తవ్వి తీసింది. ఆ పాయలో నీటి మట్టం ఒక గట్టున ఎత్తుగా, ఎదుటి గట్టున పల్లంగా ఉండడం, ఇంకో రోజు కొలతలో అదే తిరగబడడం అందులో దొరికాయి. ఆ రోజు అక్కడ మనుషులెవరూ లేకపోవడం అదృష్టం, పర్యాటకుల ఓడలు వెళ్లే దారి అది.

ప్రశ్న: పెంగ్విన్లు నాలుగు సెకన్లే నిద్రపోతాయని చదివాను. నేనూ అలా ప్రాక్టీస్ చేస్తే పరీక్షల ముందు బోలెడు టైం మిగులుతుంది కదా?

జవాబు: మిగలదు తల్లీ. నువ్వు చదివినదాంట్లో సగమే ఉంది. ఒక్కో కునుకు నాలుగు సెకన్లే, కానీ అలాంటి కునుకులు రోజుకు పది వేలకు పైగా! లెక్క వేసుకో, మొత్తం పదకొండు గంటలు దాటుతుంది, నీకన్నా ఎక్కువే పడుకుంటున్నాయి అవి.

ఇవి గడ్డం కింద నల్ల పట్టీ ఉండే చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు. అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ దీవిలో 2019 డిసెంబర్‌లో 14 పక్షులకు మెదడు తరంగాలు కొలిచే పరికరాలు పెట్టి చూశారు, ఫలితాలు 2023 చివర్లో వచ్చాయి. అది పొదిగే కాలం. జంటలో ఒకటి తిండికి సముద్రంలోకి పోతే రెండోది ఒంటరిగా గుడ్లు కాయాలి, ఒకపక్క గుడ్లు ఎత్తుకుపోయే స్కువా పక్షులు, ఇంకోపక్క రాళ్లు దొంగిలించే ఇరుగుపొరుగు. అందుకే సగటున నిమిషానికి ఏడు సార్లు కళ్లు మూసి తెరుస్తూ కాపలా, నిద్ర రెండూ కానిచ్చేస్తాయి. నాకు నవ్వొచ్చిన సంగతి ఏమిటంటే, గుంపు అంచున ఉండే పక్షులకు భయం ఎక్కువ కాబట్టి వాటికే నిద్ర తక్కువ ఉంటుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే అంచున ఉన్నవే మెరుగ్గా నిద్రపోయాయి, నడిమధ్య ఉన్నవాటికి చుట్టుపక్కల గోలతో కునుకు సరిగ్గా పట్టలేదు. శత్రువుకన్నా పొరుగువాడి బాధే ఎక్కువన్నమాట.

మనిషికి ఇలాంటి కునుకులు సరిపోవు. నిద్ర చాలనప్పుడు మనకూ రెండు మూడు సెకన్ల తూగు వస్తుంది, బండి నడిపేటప్పుడు వస్తే ప్రాణం మీదికొస్తుంది. హాయిగా పడుకుని లేచి చదువుకో.

ప్రశ్న: 2032లో భూమిని ఢీకొంటుందన్న గ్రహశకలం గురించి మొదట ఒక శాతం అన్నారు, తర్వాత మూడు శాతం అన్నారు, వారం తిరిగేసరికి సున్నా అన్నారు. జనం భయపడతారని నిజం దాచేశారని మా ఫ్రెండ్స్ గ్రూపులో గట్టి వాదన.

జవాబు: దాచేవాళ్లయితే మూడు శాతం అని ఎందుకు చెప్తారండీ? మొదట్లోనే సున్నా అనేవాళ్లు. అయినా మీ ఫ్రెండ్స్‌ను తప్పుపట్టను, ఈ పెరిగి తగ్గే అంకె ఎవరికైనా అనుమానం పుట్టిస్తుంది.

దాని పేరు 2024 వైఆర్4, వెడల్పు సుమారు 60 మీటర్లు. చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ దాన్ని 2024 డిసెంబర్ 27న పట్టుకుంది, అప్పటికే అది మన పక్కనుంచి దాటిపోయి రెండు రోజులైంది. 2032 డిసెంబర్ 22న ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి చేరింది, ఆ తర్వాత వారంలోపే ఇంచుమించు సున్నాకు పడిపోయింది.

ఇప్పుడు ఒక పార్సిల్ సంగతి చూద్దాం. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపు వస్తుందని మెసేజ్ వచ్చింది. మీరు ఒంటిగంట నుంచి రెండు దాకా ఇంట్లో ఉండరు. సరిగ్గా ఆ గంటలోనే వచ్చే అవకాశం పన్నెండింట ఒక వంతు, అంటే ఎనిమిది శాతం. ఇంకాసేపటికి పన్నెండు నుంచి నాలుగు మధ్య అని మెసేజ్. ఇప్పుడు నాలుగింట ఒక వంతు, అంటే పాతిక శాతం, మీకు టెన్షన్ మొదలు. ఆ తర్వాత మూడు దాటాకే అని ఫోన్, అవకాశం సున్నా. పార్సిల్ బండి తన దారిన తాను వస్తూనే ఉంది, దాని దారి మారలేదు, మారింది మీకు తెలిసిన సమాచారం. గ్రహశకలం విషయంలోనూ అంతే. కొత్త ఫోటోలు తీసేకొద్దీ అది ఉండగల చోట్ల వరుస కుదించుకుపోతుంది. ఆ వరుసలో భూమి ఇంకా ఉన్నంతసేపూ దాని వాటా పెరుగుతూ పోతుంది, వరుస అంచు భూమిని దాటి జరిగిందా, ఒక్కసారిగా సున్నా. ఇకముందు కొత్త గ్రహశకలాల వార్తలు వచ్చినా చాలావరకు ఇదే వరస చూస్తారు, ముందు పెరుగుతుంది, తర్వాత పడిపోతుంది.

ప్రశ్న: వేరే నక్షత్రం నుంచి వచ్చిన 3ఐ/అట్లాస్ తోకచుక్క కాదు, గ్రహాంతరవాసుల నౌక అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: గాలికబురు అని మొదట్లో అన్నది దీని గురించే. సౌరకుటుంబం బయటినుంచి వచ్చిన మాట మాత్రం నిజం. 2025 జులై 1న చూశారు, ఇలా మనకు తెలిసిన మూడో అతిథి ఇది. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ వచ్చాయి. ఆ రెండోదాన్ని కనిపెట్టింది పెద్ద సంస్థ కాదు, గెన్నాడీ బోరిసోవ్ అనే ఔత్సాహికుడు సొంతంగా తయారుచేసుకున్న టెలిస్కోప్‌తో పట్టుకున్నాడు. నాకు గ్రహాంతరవాసులకన్నా ఆయన కథే ఎక్కువ ఇష్టం.

బయటిదని ఎలా తెలుసంటే వేగం వల్ల. సెకనుకు సుమారు 60 కిలోమీటర్లు. సూర్యుడి పట్టులో ఉన్న తోకచుక్క ఎంత దూరం పోయినా వంపు తిరిగి వెనక్కి రావాలి, దీని దారి మాత్రం కాస్త వంగి అలాగే తిన్నగా వెళ్లిపోయే రకం. అక్టోబర్ చివర్లో సూర్యుడికి దగ్గరగా వచ్చింది, డిసెంబర్ 19న మనకు దగ్గరగా వచ్చినప్పుడు కూడా దూరం దాదాపు 27 కోట్ల కిలోమీటర్లు. తోకచుక్కలకు ఉండేట్టే చుట్టూ వాయువుల పొగ, దుమ్ము ఉన్నాయి. వింత ఉన్నది ఆ పొగలో. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూసినప్పుడు నీటి ఆవిరికన్నా కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువ కనిపించింది, మన తోకచుక్కల్లో ఇంత తేడా అరుదు. ఏదో వేరే నక్షత్రం చుట్టూ గడ్డకట్టిన మంచు ఇక్కడికొచ్చి కరుగుతుంటే మనం వాసన చూస్తున్నట్టు. దీనికి నౌక కథ దేనికి?

ప్రశ్న: శనికి ఒకే రోజు 128 చందమామలు పుట్టుకొచ్చాయా?

జవాబు: పుట్టలేదు, పట్టికలోకి ఎక్కాయి. 2025 మార్చిలో వాటిని అధికారికంగా గుర్తించారు, మొత్తం 274 అయ్యాయి. చందమామ అనగానే గుండ్రంగా ఊహించుకోకండి, కొత్తవన్నీ కొన్ని కిలోమీటర్ల బండరాళ్లే.

ప్రశ్న: రెండు జంతువులు అతుక్కుని ఒక్కటైపోతాయా? వీడియో చూశాను, నమ్మబుద్ధి కాలేదు.

జవాబు: మీరు చూసింది కోంబ్ జెల్లీ అయ్యుంటుంది, జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది గానీ వేరే జాతి. ల్యాబ్ తొట్టిలో ఒకటి మరీ పెద్దగా, రెండు వెనక భాగాలతో కనిపించేసరికి శాస్త్రవేత్తలకు అనుమానం వచ్చింది. గాయపరిచిన రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, పది జతల్లో తొమ్మిది అతుక్కుపోయాయి. రెండు గంటలు గడిచేసరికి వాటి కండరాల కదలిక దాదాపు పూర్తిగా ఒకే తాళంలో పడింది, ఒక పక్క పొడిస్తే రెండో పక్క కూడా ఉలిక్కిపడింది. ఒక నోట్లో మెరిసే రొయ్యపిల్లను పెడితే ఆ తిండి రెండోదాని కడుపులోకీ పోయింది. వ్యర్థం మాత్రం రెండు దారుల్లోనూ వచ్చింది, అదీ ఒకేసారి కాదు! 2024 నాటి పరిశోధన ఇది. పరాయి కణజాలాన్ని ఒప్పుకోకపోవడం మన ఒంటి అలవాటు, అవయవ మార్పిడిలో డాక్టర్లకు పెద్ద తలనొప్పి అదే. ఆ అలవాటు దీనికి లేనట్టుంది.

ప్రశ్న: వాయేజర్ 1 పాడైతే భూమి నుంచే రిపేర్ చేశారట. అంత దూరంలో ఉన్నదాన్ని ఎలా?

జవాబు: 1977లో వెళ్లిన నౌక, ఇప్పుడు దాదాపు రెండున్నర వేల కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. 2023 నవంబర్‌లో అది అర్థం లేని ఒకట్లు, సున్నాలు పంపడం మొదలుపెట్టింది. ఫోన్లో అవతలివాళ్లు లైన్లో ఉన్నారు గానీ గుర్రుమనే శబ్దం తప్ప మాట వినిపించనట్టు. అప్పట్లో మాట వెళ్లడానికి 22 గంటల పైచిలుకు, బదులు రావడానికి అంతే సమయం. అంటే ఇది చేసి చూద్దాం అని ఒక కమాండ్ పంపితే, పని చేసిందో లేదో తెలియడానికి రెండు రోజులు ఆగాలి.

2024 మార్చిలో ఒక ప్రయత్నానికి, గోల మధ్యలో కంప్యూటర్ మెమరీ మొత్తం నకలు వచ్చి పడింది. దాన్ని పాత నకలుతో పోల్చి చూస్తే ఒక చిప్ చచ్చిపోయిందని తేలింది, మెమరీలో 3 శాతం పోయింది. చిప్ మార్చే వీల్లేదు. పోయిన ప్రోగ్రామ్‌ను వేరే చోటికి మారుద్దామంటే అంతా ఒక్కచోట పట్టేంత ఖాళీ ఎక్కడా లేదు. అందుకని దాన్ని ముక్కలు చేసి, దొరికిన సందుల్లో తలా ఒకటి ఇరికించి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో లింకులు సరిచేశారు. ఇరుకింట్లోకి మారినప్పుడు సామాను మంచం కింద కొంత, అటక మీద కొంత సర్దుతామే, అదే. ఏప్రిల్ 18న పంపారు, 20న జవాబొచ్చింది, ఐదు నెలల తర్వాత నౌక మళ్లీ అర్థమయ్యే మాట మాట్లాడింది.

2026 నవంబర్‌లో వాయేజర్ 1 భూమికి ఒక కాంతి రోజు దూరం చేరుతుంది. అప్పుడు సోమవారం పొద్దున "ఎలా ఉన్నావ్" అని అడిగితే బుధవారం పొద్దున గానీ బదులు రాదు.